ఇంటి ముందు గోడకి రాయి వేయించే ముందు 30 ఏళ్ల లెక్క ఇలా వేయండి

కాకినాడలో మా మావయ్య ఇల్లు కట్టి తొమ్మిదేళ్లయింది. ముందు గోడ నిండా గ్రానైట్ పెట్టించాడు. "ఇక పెయింట్ బాధ తప్పిందిరా, నా మనవడు కూడా ఈ గోడ వంక చూడక్కర్లేదు" అని గృహప్రవేశం రోజున నాతో అన్నాడు. ఆరో ఏడు వానల్లో జాయింట్ల కింద టీ ఒలికినట్టు గోధుమ రంగు చారలు దిగాయి. ఎంత తుడిచినా పోలేదు. ఆ పై ఏడు ఓ పలక ఊడి తులసికోట పక్కన పడింది. ఆ టైమ్‌లో అత్తయ్య లోపల ఉంది కాబట్టి సరిపోయింది.

పరంజా కట్టించి మిగతా పలకలు దించాం. రాయికి ఏమీ కాలేదు, నిన్న కోసినట్టే మెరుస్తోంది. వెనక పట్టుకోవాల్సిన క్లాంపులు మాత్రం పొరలు పొరలుగా తుప్పు పట్టి, చేత్తో వంచితే విరిగిపోతున్నాయి. కొటేషన్‌లో స్టెయిన్‌లెస్ స్టీల్ అని రాసిచ్చిన మనిషి గోడకి జీఐ, అంటే జింకు పూత వేసిన మామూలు ఇనుము, బిగించి వెళ్లాడు. వాటిలో అతను మిగుల్చుకున్నది ఇరవై వేలు కూడా ఉండదు. దించి మళ్లీ ఎక్కించడానికి మావయ్యకి అయింది మొదట పెట్టిన దాంట్లో సగం పైనే.

సైట్ ఇంజనీరుగా నేను చూసిన ప్రతి చోటా కథ ఇంచుమించు ఇదే. రాయి పాడవదు. రాయి వెనకున్నది పాడవుతుంది, దాన్ని బాగుచేయాలంటే రాయిని దించాలి. అందుకే చదరపు అడుగు రేటు చూసి నిర్ణయం తీసుకోకండి. ఒక కాగితం, కాలిక్యులేటర్ తీసుకుని కింద చెప్పిన వరసలో వెళ్లండి. ఒక ఆదివారం పొద్దున చాలు.

1. మీరు వేయబోయేది ఏ రాయో ముందు తేల్చుకోండి

షాపువాడు చెప్పే పేర్లు పక్కన పెట్టండి. మన వైపు గోడలకి ఎక్కేవి ఎక్కువగా రెండు జాతులు. ఒకటి గ్రానైట్: చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, కరీంనగర్ టాన్ బ్రౌన్ లాంటివి. రెండోది నాపరాయి: తాండూరు, బేతంచెర్ల, కడప, కర్ణాటక నుంచి వచ్చే షాబాద్. ఇవి కాక రాజస్థాన్ ధోల్పూర్ ఇసుకరాయి, మార్కాపురం పలక కూడా వాడుతున్నారు. ఒకప్పుడు బడిలో అక్షరాలు దిద్దిన పలక రాయే అది. పొరలు పొరలుగా ఉంటుంది కాబట్టి నాణ్యత చూడకుండా కొంటే గోడ మీదే పొర లేస్తుంది.

గ్రానైటో నాపరాయో తెలియకపోతే ముక్క ఒకటి ఇంటికి తెచ్చుకోండి. గ్లవ్స్ వేసుకుని, ఆరుబయట, బాత్‌రూమ్ యాసిడ్ ఒక్క చుక్క దాని మీద వేయండి. బుసబుసమని నురగ వస్తే నాపరాయి జాతి. గ్రానైట్ మీద ఏమీ జరగదు. ఈ పరీక్ష దేనికంటే, పని అయ్యాక సిమెంటు మరకలు పోవడానికి మేస్త్రీలు అలవాటుగా గోడంతా యాసిడ్‌తో కడిగేస్తారు. నాపరాయికి అది విషం. మొదటి రోజే పైపొర తినేస్తుంది, పాలిష్ పోతుంది, ఆ గరుకులో దుమ్ము చేరుతుంది, ఇక మీరు ఏటా కడుగుతూనే ఉంటారు. "యాసిడ్ వాష్ చేయకూడదు" అని పని మొదలుపెట్టే రోజే చెప్పండి.

ఇంకో ముక్క మీద నీళ్ల చుక్కలు వేసి పావుగంట ఆగండి. చుక్క కింద రాయి నల్లబడితే నీళ్లు తాగుతోందని అర్థం. అలాంటి రాయికి సీలర్, అంటే నీళ్లు పీల్చకుండా ఆపే పూత, తప్పదు. సీలర్ ఒకసారి పూస్తే శాశ్వతం కాదు, మూడు నుంచి ఐదేళ్లకోసారి మళ్లీ పూయాలి. ఆ ఖర్చు కూడా కాగితం మీదకి రావాలి.

సిమెంటుతో చేసిన పలకలైతే చూడాల్సినవి వేరు. అచ్చుల్లో పోసి రాయిలా కనిపించేట్టు చేసే టైల్స్, జీఆర్‌సీ (గాజు పీచు కలిపిన సిమెంటు) జాలీలు, కార్నిస్‌లు, పెద్ద భవనాలకి వాడే ప్రీకాస్ట్ ప్యానెళ్లు అన్నీ ఈ కోవలోవే. రంగు పైన పూశారా, కాంక్రీట్‌లోనే కలిపారా అని అడగండి. విరిచి చూస్తే తెలిసిపోతుంది. ఐరన్ ఆక్సైడ్ రంగులు, అంటే ఎరుపు, పసుపు, గోధుమ, నలుపు ఛాయలు ఎండకి బాగా నిలుస్తాయి. జీఆర్‌సీలో ఇనప కడ్డీలు ఉండవు, గాజు పీచు ఉంటుంది. ఆ గాజు సిమెంటు క్షారాన్ని తట్టుకునే రకమై ఉండాలి. మామూలు ఫైబర్ వేస్తే కొన్నేళ్లకి సిమెంటే దాన్ని తినేసి పలక పెళుసెక్కుతుంది.

మందం విషయంలో బేరమాడకండి. చికాగోలో అమోకో టవర్ అని ఉంది, ఇప్పుడు ఏయాన్ సెంటర్ అంటున్నారు. 1970ల మొదట్లో కట్టినప్పుడు ఇటలీ కరారా పాలరాయిని అంగుళంపావు మందానికి కోసి తొడిగారు. ఎండకీ చలికీ పలకలు అప్పడాల్లా వంగిపోయాయి. 1990 నుంచి 92 దాకా మొత్తం ఊడదీసి రెండంగుళాల గ్రానైట్ పెట్టారు. ఖర్చు 8 కోట్ల డాలర్ల పైమాటే. హెల్సింకీలోని ఫిన్లాండియా హాల్‌కీ అదే రాయి, అదే గతి. వాళ్లు 1990ల చివర్లో మార్చినా, మళ్లీ కరారానే పెట్టారు, అది మళ్లీ వంగింది. మన ఇళ్లకి అంత హిమపాతం లేదు. అయినా బయటి గోడకి పల్చటి పాలరాయి వద్దని చెప్పడానికి ఈ రెండు భవనాలు చాలు.

2. మీ గోడ ఈ బరువు మోస్తుందా

20 మి.మీ. గ్రానైట్ చదరపు అడుగుకి సుమారు 5 కిలోలు తూగుతుంది. వెనక సిమెంటు మాలు ఇంకో 4 కిలోలు. 600 చదరపు అడుగుల ముందు గోడ అంటే అయిదున్నర టన్నుల దాకా వేలాడుతుందన్నమాట. నిండుగా పెరిగిన ఏనుగు ఒకటి. 12 మి.మీ. జీఆర్‌సీ పలక అయితే చదరపు అడుగుకి రెండు కిలోల చిల్లర.

ఇప్పుడు గోడ దేంతో కట్టారో చూడండి. హైదరాబాద్‌లో కొత్త ఇళ్లలో చాలావాటికి తేలిక బ్లాకులే, ఏఏసీ అంటారు. వాటిలో మేకు సుత్తితో నాలుగు దెబ్బలకి దిగిపోతుంది. అంత మెత్తటి దాంట్లో రాయి బరువు మోసే యాంకర్ బోల్ట్ నిలవదు. అలాంటి గోడకి రాయి వేలాడదీయాలంటే బీమ్‌కీ కాలమ్‌కీ బిగించిన ఫ్రేమ్ కావాలి. ఫ్రేమ్ ఖర్చు కొటేషన్‌లో ఉందో లేదో చూసుకోండి. నేను చూసిన కొటేషన్లలో అది "ఎక్స్‌ట్రా" కిందే ఉంటుంది, అదీ పని సగంలో బయటపడుతుంది.

3. ఎలా అతికిస్తారు: అసలు డబ్బంతా ఇక్కడే

మూడు పద్ధతులు. సిమెంటు మాలుతో అతికించడం, టైల్ అడ్హెసివ్‌తో అతికించడం, క్లాంపులతో వేలాడదీయడం. చివరిదాన్ని డ్రై క్లాడింగ్ అంటారు.

సిమెంటు మాలు అన్నిటికంటే చవక. రెండు జబ్బులున్నాయి. ఒకటి, నున్నటి గ్రానైట్ వెనక వైపు సిమెంటు పట్టు తక్కువ. పలకకి నాలుగు మూలలా నాలుగు ముద్దలు పెట్టి గోడకి అదిమేస్తే మధ్యలో డొల్ల మిగులుతుంది. రెండోది ఉప్పు. మాలులోనూ, క్యూరింగ్‌కి కొట్టిన బోరు నీళ్లలోనూ ఉన్న లవణాలు రాయి గుండా, జాయింట్ల గుండా బయటికొచ్చి తెల్లటి పొడిలా తేలతాయి. కడిగితే పోతుంది, వానాకాలం తరవాత మళ్లీ వస్తుంది.

అడ్హెసివ్ అయితే బస్తా మీద ఐఎస్ 15477 అన్న నంబరు, కింద టైప్ చూడండి. బయటి గోడ మీద పెద్ద రాళ్లకి టైప్ 1 సరిపోదు. మీ రాయి సైజు, బరువు చెప్పి ఏ టైప్ వాడాలో కంపెనీ టెక్నికల్ మనిషి చేత రాతపూర్వకంగా తీసుకోండి, అడిగితే ఇస్తారు. పలక వెనక మొత్తం దంతెల గరిటెతో పూయాలి, ముద్దలు పెట్టకూడదు. మొదటి రోజు అతికించిన పలకల్లో ఒకదాన్ని పచ్చిగా ఉండగానే ఊడదీయించండి. వెనకంతా అంటుకుందా, మధ్యలో ఖాళీలున్నాయా కళ్లతో చూడండి. మేస్త్రి చిరాకు పడతాడు. పడనివ్వండి, మరుసటి రోజు నుంచి పని మారిపోతుంది.

ఎంత ఎత్తు దాకా అతికించొచ్చు? నా వరకు నేను మనిషి నెత్తిన పడితే ప్రాణం పోయే ఎత్తులో, అంటే పదడుగులు దాటాక, ఉత్త జిగురును నమ్మను. పలకకి కనీసం రెండు స్టీల్ పిన్నులైనా కొట్టిస్తాను.

క్లాంపుల విషయానికొస్తే, లోపలి ఊళ్లలో స్టెయిన్‌లెస్ స్టీల్ 304 గ్రేడ్ సరిపోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు లాంటి ఉప్పుగాలి చోట్ల 316 అడగండి. అయస్కాంతం పెట్టి చూడండి, గట్టిగా పట్టుకుంటే అది జీఐ కిందే లెక్క. పట్టుకోలేదని సంబరపడకండి, చవక 202 గ్రేడ్‌ని కూడా అయస్కాంతం పెద్దగా పట్టదు. అందుకని స్టీలు తయారుచేసిన కంపెనీ ఇచ్చే మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ కావాలి. 316ని గుర్తుపట్టే చుక్కల మందు కిట్ కూడా దొరుకుతుంది, ఒక చుక్క వేస్తే రంగు మారుతుంది. బోల్టు, వాషర్, నట్టు కూడా అదే గ్రేడ్ ఉండాలి. మావయ్య ఇంట్లో ముందు తినేసింది వాషర్లనే.

జాయింట్ వదలండి. రాళ్లు అంచుకి అంచు తాకేలా పెడితేనే అందం అంటారు, నమ్మొద్దు. పది మీటర్ల గ్రానైట్ గోడ 40 డిగ్రీల వేడి తేడాకి మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. పడమటి గోడ మీద నల్ల రాయి అయితే ఏప్రిల్‌లో మధ్యాహ్నం చెయ్యి పెట్టలేరు. ఆ సాగుడుకి చోటు లేకపోతే అంచులు చిట్లుతాయి, లేదా మధ్య పలక ఉబ్బి బయటికొస్తుంది.

4. నీళ్ల దారి

పిట్టగోడ మీద రాయి బయటికి కాకుండా లోపలికి, టెర్రస్ వైపు వాలాలి. సజ్జల కిందా, కిటికీ గుమ్మాల కిందా నీటి గాడి, అంటే నీళ్లు గోడకి పాకకుండా అంచు దగ్గరే రాలిపోయేట్టు చేసే గీత, ఉండాలి. అది లేకపోతే వాన నీళ్లు రాతి మీద పాక్కుంటూ దిగి నల్ల చారలు పెడతాయి. ఏసీ నీళ్ల పైపు, ట్యాంకు పొర్లే పైపు గోడ మీదకి వదలకండి. బోరు నీళ్లు పోసే బాల్కనీ కుండీలు కూడా అంతే, ఆ సున్నపు చార గ్రానైట్ మీద నుంచి గీకి తీయాల్సిందే. డ్రై క్లాడింగ్ వెనక ఖాళీ ఉంటుంది కాబట్టి లోపలికెళ్లిన నీళ్లు కిందికి దిగి బయటపడే చిన్న దారులు అడుగున వదలాలి. వాటిని కూడా సిలికాన్‌తో నీట్‌గా మూసేసే మహానుభావులున్నారు.

5. ఇప్పుడు కాగితం తీయండి

ఉదాహరణకి 600 చదరపు అడుగుల ముందు గోడ, జీ ప్లస్ టూ ఇల్లు అనుకుందాం. కింది రేట్లు లెక్క చూపడానికి నేను వేసుకున్నవి, వీటి స్థానంలో మీ ఊరి రేట్లు పెట్టుకోండి. అన్నీ ఇవాళ్టి ధరల్లోనే వేయండి. కూలి పెరుగుతుంది కదా అంటారా, బ్యాంకులో ఉన్న డబ్బుకి వడ్డీ కూడా పెరుగుతుంది, ఇంటి లెక్కకి ఆ రెండూ చెల్లుకు చెల్లు అనుకుంటే చాలు. ఆఫీసు భవనాలకి కన్సల్టెంట్లు ముందు ముందు వచ్చే ఖర్చులోంచి అన్నేళ్ల వడ్డీ తీసేసి, ఇవాళ్టి విలువలో వేస్తారు. అక్కడ ఒక్క సంగతి గమనించండి: 10 శాతం వేస్తే 20 ఏళ్ల తరవాతి లక్ష రూపాయల రిపేరు ఇవాళ్టి లెక్కలో 15 వేలకి దిగిపోతుంది. ఆ వడ్డీ రేటు ఎవరు ఎంచుకున్నారో అడగకుండా ఆ లెక్క నమ్మకండి.

నాపరాయి, సిమెంటు మాలుతో: చదరపు అడుగు 180 చొప్పున 1,08,000. నాలుగేళ్లకోసారి కడిగి సీలర్ పూయడానికి 20, పరంజాకి 12, మొత్తం 32. అంటే ఒక్కో విడతకి 19,200, ముప్పై ఏళ్లలో ఏడు విడతలకి 1,34,400. పదిహేనో ఏట 90 అడుగులు ఊడి మళ్లీ అతికించడానికి 22,500. మొత్తం 2,64,900.

గ్రానైట్, మంచి స్టీల్ క్లాంపులతో: 450 చొప్పున 2,70,000. అయిదేళ్లకోసారి కడగడం, పరంజా కలిపి 16,200, అయిదు విడతలకి 81,000. పదిహేనో ఏట సిలికాన్ జాయింట్లు తీసి కొత్తవి వేయడానికి 24,000. మొత్తం 3,75,000.

సిమెంటు పలకలు, అడ్హెసివ్‌తో: 140 చొప్పున 84,000. అయిదేళ్లకోసారి కోటింగ్, పరంజా 25,200, అయిదు విడతలకి 1,26,000. మధ్యలో విరిగినవి మార్చడానికి 24,000. మొత్తం 2,34,000.

మొదటి రోజు గ్రానైట్ నాపరాయి కంటే రెండున్నర రెట్లు. ముప్పై ఏళ్లకి చూస్తే ఒకటిన్నర రెట్లు కూడా కాదు. ఇప్పుడు ఇంకో వరస రాయండి: "పదిహేనో ఏట మొత్తం ఊడగొట్టాల్సి వస్తే?" నాపరాయికి పీకడం 60, కొత్తది 180, పరంజా 12 కలిపి 1,51,200. అతుకుల ఖర్చు తీసేసి ఇది కలిపితే మొత్తం 3,93,600, గ్రానైట్‌ని దాటేసింది. ఇదే లెక్కన (పీకడం 60, కొత్తవి 140, పరంజా 12) సిమెంటు పలకలు ఒకసారి మొత్తం మార్చినా 3,37,200 దగ్గరే ఆగుతాయి. కాబట్టి పదిహేనేళ్లకి మోజు తీరి మార్చేసే వాళ్లకి సిమెంటు పలకలే మేలు. మనవడి దాకా ఉండాలంటే మంచి క్లాంపుల మీద గ్రానైట్. మధ్యలో ఉన్న నాపరాయి మాత్రం పనివాడి చేతిని బట్టి ఉంటుంది.

ఇక ఎవరూ రాయని నాలుగో వరస: మామూలు టెక్స్చర్ పెయింట్. 45 చొప్పున 27,000, అయిదేళ్లకోసారి పరంజాతో 37 చొప్పున 22,200. అయిదుసార్లకి 1,11,000, మొత్తం 1,38,000. అంటే రాయి వేస్తే పెయింట్ డబ్బు మిగులుతుందన్న మా మావయ్య లెక్క అసలు లెక్కే కాదు. రాయి అందానికి వేసుకోవాలి, ఆదాకి కాదు.

నాపరాయి లెక్కలో పరంజా ఒక్కటే ముప్పై ఏళ్లలో 50,400 అయింది. దాన్ని తగ్గించడం మన చేతుల్లో ఉంది. మిగతా ఇంటికి పెయింట్ వేయించే ఏడే రాయి కడిగించేట్టు పెట్టుకుంటే ఒకే పరంజా రెండు పనులకీ వస్తుంది. ఇంకా తెలివైన పని, రాయిని కింది అంతస్తుకే, గుమ్మం చుట్టూ ఓ 150 అడుగులకే పరిమితం చేయడం. నిచ్చెన వేసుకుని మీరే కడుక్కోవచ్చు, పడినా పెద్ద ఎత్తు నుంచి పడదు, అతిథి కళ్లు ఎలాగూ అక్కడే ఆగుతాయి.

6. కొటేషన్‌లో రాయించుకోవాల్సిన మాటలు

రాయి పేరు, మందం, వేస్టేజ్ ఎవరి ఖాతా. క్లాంపు గ్రేడ్, పలకకి ఎన్ని. అడ్హెసివ్ టైప్. ఫ్రేమ్, పరంజా కలిపా విడిగానా. యాసిడ్ వాడకూడదు. అదే లాటులోంచి అయిదు శాతం పలకలు అదనంగా ఇవ్వాలి. ఈ చివరిది మర్చిపోకండి, పదేళ్ల తరవాత అదే క్వారీకి వెళ్లినా అదే రంగు దొరకదు. ఆ పలకలు మేడ మీద మెట్ల కింద నిలబెట్టి ఉంచండి. పని పూర్తయ్యాక పది శాతం డబ్బు ఒక వానాకాలం గడిచేదాకా ఆపగలిగితే ఆపండి. ఒప్పుకోకపోతే అయిదు శాతమైనా.

అపార్ట్‌మెంట్ వాళ్లకి ఒక మాట. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 14(3) సెక్షన్ కింద, ఫ్లాట్ అప్పగించిన అయిదేళ్లలోపు పనితనంలో లోపం బయటపడి, మీరు బిల్డర్ దృష్టికి తెస్తే, ముప్పై రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. అందుకని నాలుగో ఏడు చివర్లో ఎవరో ఒకరిని పెట్టి గోడంతా తట్టించి, ఫొటోలతో రిపోర్టు రాయించి అసోసియేషన్ పేరు మీద పంపండి. అయిదేళ్లు దాటాక ఆ ఖర్చు మీ కార్పస్ ఫండ్‌దే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో భవనాల పైతొడుగులు ఎలా ఎగిరాయో చూసిన వాళ్లకి ఈ రిపోర్టు ఎందుకో చెప్పక్కర్లేదు.

7. ఏటా దసరాకి

ఇల్లు ఎలాగూ దులుపుతారు. అదే రోజు గోడ చూడండి. పెద్ద తాళంచెవితో గానీ, చిన్న చెక్క సుత్తితో గానీ ఒక్కో పలకని మెల్లగా తట్టండి. ఖణ్ మని మోగితే గట్టిగా ఉన్నట్టు. కుండని తట్టినట్టు డొల్ల శబ్దం వస్తే చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. పై ఏడు ఆ గుర్తు పక్క పలకకి పాకిందా చూడండి. పాకితే ఇక ఆలస్యం చేయొద్దు. జాయింట్లలో రావి మొక్క కనిపిస్తే రెండాకుల దశలోనే పీకేయండి, వేరు దిగాక పలకని అదే నెట్టేస్తుంది. గోధుమ రంగు చార కనిపిస్తే అది రాతి మరకే అనుకోకండి, చాలాసార్లు లోపల స్టీలు తుప్పు. కడగడానికి మనిషిని పిలవకండి, ఒక పలక విప్పించండి.

మావయ్య ఇంట్లో ఇప్పుడు 316 క్లాంపులున్నాయి. విప్పిన పాత క్లాంపు ఒకటి ఆయన టీవీ స్టాండు మీద పెట్టుకున్నాడు. ఇల్లు కడుతున్నామని ఎవరైనా చెబితే ముందు దాన్ని చేతికిచ్చి, వంచి చూడమంటాడు.